ముప్ఫై మూడో ఉండ

మా పిన్ని సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా పాతికేళ్ళు పనిచేసింది. ఆ పాతికేళ్ళలో ఆమెను చూసి మొహం విప్పారినవాళ్ళు ఒక్కరూ లేరు. బస్సు స్టాపులో ఆగగానే ముందు తలుపులోంచి ఎక్కేది. నీలం కోటు, ఇత్తడి బొత్తాలు, చేతిలో ఉక్కు పంచ్. ఎక్కీ ఎక్కగానే టికెట్లు అడిగేది కాదు. ముందు తలలు లెక్కపెట్టేది. ఆ తర్వాతే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, టికెట్ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, అంచున టక్కుమని చిల్లు పొడిచి ఇచ్చేది. చివరికి తలలూ చిల్లులూ సరిపోవాలి. సరిపోయేదాకా బస్సు కదిలేది కాదు.

మా వీధిలో ఆమెను పేరుతో ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, 'చెకింగ్' అనేవాళ్ళు. రొట్టెల కొట్టతను కూడా "చెకింగ్‌గారికి రెండు రొట్టెలు కట్టు" అనేవాడు, ఆమె ఎదురుగానే. ఆమె ఏమీ అనుకునేది కాదు. ఒకసారి సొంత అక్కనే టికెట్ లేదని నడిరోడ్డు మీద దింపేసింది. "నేనే కదే, చూసీ చూడనట్టు పోవచ్చుగా" అని ఆ అక్క బతిమాలితే, "అక్కవి కాబట్టే ముందు దింపుతున్నా, లేకపోతే బస్సులో అందరూ నా అక్కలే అవుతారు" అందట. ఆవిడ రెండేళ్ళు మాట్లాడలేదు. ఇంకోసారి తన పాసు ఇంట్లో మర్చిపోయి డ్యూటీకి పోతూ, కండక్టరు దగ్గర టికెట్ కొనుక్కుని, దానికి తనే చిల్లు పొడుచుకుంది. ఇది కట్టుకథ అనుకున్నాను గానీ ఆ టికెట్ ఇప్పటికీ ఆమె బీరువాలో ఉంది.

అలాంటి మనిషి ముప్ఫై ఎనిమిదో ఏట మా ఇంటికి వచ్చింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు, చెల్లికి ఆరు. మా అమ్మ పోయి రెండేళ్ళయింది. అమ్మ ఇంట్లోనే బట్టలు కుట్టేది. కిటికీ పక్కన మిషను, దాని మీద గుడ్డ కప్పి అలాగే ఉంచేశాం. నాన్న కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు అరగదీసే పని చేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. పిన్ని తన విరిగిన కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి ఆ కొట్టుకు వెళ్ళిందట. అది బాగయ్యాక కూడా నాన్న ఆ జోడును మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడట. ఆయన జీవితంలో చేసిన సాహసం అదొక్కటే అని చెల్లి అంటుంది.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి వచ్చిన రోజున ఆమె మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "పిన్నీ అని పిలవండి. ఇష్టం లేకపోతే ఏమీ పిలవకండి. అమ్మా అని మాత్రం అనక్కర్లేదు, ఆ సీటు మీ అమ్మది" అంది. చెల్లి తలూపింది. నేను ఊపలేదు. నేను మొండిదాన్ని. ఇప్పటికీ అంతే, కాకపోతే ఇప్పుడు దాన్ని పట్టుదల అంటున్నారు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వచ్చిన మొదటి వారంలోనే మా ఇంట్లో లేనిపోని లెక్కలు మొదలయ్యాయి. చెంచాలు పదకొండు ఎందుకున్నాయి, పన్నెండోది ఏమైంది? సబ్బు ఎన్ని రోజులొస్తోంది? మేజోళ్ళు జతలుగా లేవేం? చెల్లి బడికి వెళ్ళేటప్పుడు పిన్ని పెన్సిళ్ళు లెక్కపెట్టి పంపేది, వచ్చాక లెక్కపెట్టి తీసుకునేది. ఆమెలో కోపం ఉండేది కాదు, గొంతు పెంచేది కాదు. అందుకే నాకు ఒళ్ళు మండేది. కోప్పడితే సవతి తల్లి అని వీధిలో చెప్పుకునేదాన్ని కదా, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఆరు నెలలైనా పిన్ని తన పాత అద్దెగదిని ఖాళీ చేయలేదు. ఆ సంగతి నాకెలా తెలుసంటే, ఒకరోజు వంటింట్లో ఆమె నాన్నతో అంటుంటే తలుపు పక్కన నిలబడి విన్నాను. "గది తాళంచెవి నా దగ్గరే ఉందండీ. పిల్లలకి నేను కిట్టకపోతే వాళ్ళని కష్టపెట్టి ఇక్కడ కూర్చోను. నా గదికి నేను పోతాను. మీరు ఆదివారాలు రండి" అంది. నాకు విషయం అర్థమైంది. ఆమె ఉండటమా పోవడమా అన్నది నా చేతిలో ఉంది. పదకొండేళ్ళ పిల్లకు అంత అధికారం ఇవ్వకూడదు. ఇస్తే ఏం చేస్తుందో నన్నడగండి.

ఆ వేసవి చివర ఆల్‌బుకరా పండ్లు వచ్చాయి. ఆ కాలంలో మా ఇంట్లో ఒక ఆదివారం పండు ఉండలు చేసుకోవడం అమ్మ పెట్టిన పద్ధతి. ముందురోజు బంగాళాదుంపలు తొక్కతోనే ఉడకబెట్టి చల్లారనివ్వాలి. మర్నాడు వాటిని జల్లెడలో రుద్ది మెత్తగా చేసి, మైదా, ఒక గుడ్డు, కాస్త వెన్న, చిటికెడు ఉప్పు వేసి పిండి కలపాలి. పండును ఒక పక్కనే చీల్చి గింజ తీసేసి, గింజ ఉన్నచోట పంచదార బిళ్ళ పెట్టి మూయాలి. పిండిని అరచేతిలో పలచగా ఒత్తి, ఆ పండును మధ్యలో పెట్టి, ఎక్కడా అతుకు కనబడకుండా ఉండ చేయాలి. మరిగే నీళ్ళలో వేస్తే మునుగుతాయి, ఉడికాక తేలతాయి. తేలాక ఇంకో అయిదు నిమిషాలు ఉంచి తీసి, వెన్నలో వేయించిన రొట్టె పొడి పైన చల్లుకుని తినాలి. కలిపిన పిండి ఎక్కువసేపు ఉంచితే నీరు విడిచి జారిపోతుంది, అందుకని ఒకసారి మొదలుపెడితే ఎవరూ లేవడానికి లేదు.

మనిషికి ఎనిమిది. ఎవరివి వాళ్ళే చేసుకోవాలి, ఎవరు చేసినవి వాళ్ళే తినాలి. నీళ్ళలో పగిలిపోయినవి కూడా చేసినవాళ్ళే తినాలి. అది అమ్మ చట్టం. ఎవరిది ఏదో తెలియడానికి ఒక్కొక్కరికీ ఒక గుర్తు ఉండేది. నాన్నది కళ్ళజోళ్ళు బిగించే సన్నటి స్క్రూడ్రైవరుతో ఒత్తిన చిన్న గీత. నాది ఫోర్కు ముళ్ళు. చెల్లిది చొక్కా బొత్తాం. అమ్మది, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ. దాని నెత్తిన సన్నసన్న గుంటలుంటాయి, అది ఒత్తితే పిండి మీద కూడా అవే గుంటలు పడేవి.

అమ్మ తనకు ఎనిమిది కాకుండా ఒకటి ఎక్కువ చేసుకునేది. దాన్ని చిన్న గిన్నెలో మూతపెట్టి ఉంచుకుని మర్నాడు పొద్దున్నే టీతో తినేది. "ఇది రేపటిది, ఎవరూ దీని జోలికి రాకండి" అనేది. ఆ తొమ్మిదోది తినేటప్పుడు అమ్మ మొహంలో ఉండే ఆనందం నాకు గుర్తుంది. ఇల్లంతా తనదే అయినట్టు కూర్చుని తినేది.

అమ్మ పోయాక రెండేళ్ళు మేం ముగ్గురమే చేసుకున్నాం. నాన్నకు దుంపలు మెత్తగా రుద్దడం రాదు, నాకు అతుకు మూయడం రాదు. ఆ రెండేళ్ళూ ఉండలు తిన్నామనడం కంటే తాగామనడం నయం. కానీ అమ్మ 'రేపటిది' మాత్రం మానలేదు. నాన్న చెప్పలేదు, మేం అడగలేదు. ఒక ఏడాది నేను, ఒక ఏడాది చెల్లి ఆ ఇత్తడి టోపీతో ఒత్తేవాళ్ళం. పొద్దున లేచేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది. అమ్మే వచ్చి తినిపోయిందని చెల్లి నమ్మేది. నాన్న వంటింట్లో నిలబడి తినడం నేను చూశాను, చెల్లికి చెప్పలేదు.

ఇప్పుడు పిన్ని వచ్చింది. ఆదివారం పొద్దున చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చుని, "నాకివి రావు. ఎలా చేస్తారో చెప్పండి, చేస్తాను" అంది. చెల్లి ఉత్సాహంగా అన్నీ చెప్పింది, గుర్తుల సంగతి కూడా. ఆ తొమ్మిదోదాని సంగతి మాత్రం చెప్పొద్దని నేను ముందే చెల్లి చేయి గిల్లి ఉంచాను. అమ్మ టోపీ నా జేబులో ఉంది. నేను ఒక నిర్ణయానికి వచ్చేశాను. ఈమె గనక అమ్మ ఉండను చూసి, ఎందుకిది, దండగ కదా అని తీసి పక్కన పెట్టిందో, ఇక ఈ జన్మలో ఆమెతో మాట్లాడను. అప్పుడు ఆమే తన తాళంచెవి తీసుకుని పోతుంది. నిజం చెప్పొద్దూ, ఆమె ఆ తప్పు చేయాలని నేను ఎదురుచూస్తున్నాను.

పిన్ని చేతులు బాగానే తిరిగాయి. మా నాన్న కంటే గుండ్రంగా చేసింది. మొదటి ఉండ అయ్యాక, "నా గుర్తు ఏంటి మరి?" అని అటూ ఇటూ చూసి, లేచి వెళ్ళి కోటు జేబులోంచి తన పంచ్ తెచ్చుకుంది. దాన్ని వేణ్ణీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, ఉండ నెత్తిన పిండిని కాస్త పైకి లాగి, పంచ్ నోట్లో పెట్టి టక్కుమనిపించింది. చక్కటి గుండ్రటి చిల్లు పడింది. ఆమె మొహంలో తృప్తి కనబడింది. నాన్న నోరు తెరిచాడు, మళ్ళీ మూసేశాడు. చెల్లి ఏదో అనబోతే నేను బల్లకింద కాలితో తన్నాను. ఎనిమిదింటికీ ఎనిమిది చిల్లులు పొడిచింది.

పిండి చల్లిన పెద్ద పళ్ళెంలో ఎనిమిదేసి చొప్పున నాలుగు వరుసలు పేర్చాం. చాటుగా చుట్టి అమ్మ టోపీ ఒత్తిన ముప్ఫై మూడోదాన్ని నేను మూలగా పెట్టి, చేతులు తుడుచుకునే గుడ్డ అంచు దానిమీద కప్పాను. పిన్ని లేచి నిలబడింది. బస్సెక్కినప్పుడు ఎలా చూసేదో అలాగే ముందు వరుస నుంచి చివరి దాకా వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. "ముప్ఫై రెండు" అంది. ఆ తర్వాత ఆమె కళ్ళు ఆ గుడ్డ మీద పడ్డాయి. ఆమె ఉద్యోగమే అది కదా, సీటు కింద దాక్కున్నవాణ్ణి పట్టుకోవడం. గుడ్డ ఎత్తింది.

"ఇదెవరిది?"

నాన్న కిటికీలోంచి ఎదురింటి గోడను చూస్తున్నాడు. ఆ గోడ మీద చూడటానికి ఏమీ లేదు.

"అది... రేపటిది" అంది చెల్లి.

"రేపు ఎవరు తింటారు?"

చెల్లి నావైపు చూసింది. "ఎవరిదీ కాదు" అన్నాను నేను.

పిన్ని ఆ ఉండను అరచేతిలోకి తీసుకుని కళ్ళజోడుకు దగ్గరగా పెట్టి చూసింది. ఆ సన్నటి గుంటలు చూసింది. తలెత్తి కిటికీ పక్కన గుడ్డ కప్పి ఉన్న మిషనును చూసింది. మా నాన్న వీపును చూసింది. కత్తివేటుకు నెత్తురుచుక్క లేనట్టు నిలబడ్డ నన్ను చూసింది. నా జేబులో ఆ ఇత్తడి టోపీని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, తర్వాత చూసుకుంటే అరచేతిలో గుంటలు పడి ఉన్నాయి.

"ఒళ్ళో కూర్చున్నవాళ్ళకి టికెట్ అక్కర్లేదు" అంది పిన్ని.

ఆ మాట మాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. "బస్సులో చంటిపిల్లలు ఉంటారు చూడు, ఒళ్ళో కూర్చుంటారు. వాళ్ళని లెక్కలోకి తీసుకోం. అదీ రూలే." అని ఆ ఉండను నా వరుసలోని ఎనిమిదింటి మధ్యలో, రెండు ఉండల మీద జాగ్రత్తగా ఎక్కించి కూర్చోబెట్టింది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. దాని దగ్గరికి వచ్చేసరికి వేలు దాన్ని దాటుకుని పోయింది. "ముప్ఫై రెండు. లెక్క సరిపోయింది. నీళ్ళు మరుగుతున్నాయి, పదండి."

సొంత అక్కను దింపేసిన మనిషి ఆ మాట అంది. నేను పెట్టుకున్న పంతం అంతా ఏమైపోయిందో నాకే తెలియదు. ఏడవకూడదని దుంపల తొక్కలు ఏరుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నవ్వొస్తుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊరందరి టికెట్లకూ చిల్లులు పొడిచే మనిషి తన ఉండలకూ పొడుచుకుంది కదా, నీళ్ళలో వేసీ వేయగానే ఆ చిల్లుల్లోంచి నీళ్ళు లోపలికి పోయి, పంచదార కరిగి, ఒక్కొక్కటే నోరు తెరిచింది. గిన్నెలో నీళ్ళు గులాబిరంగుకు తిరిగాయి. ఎనిమిదికి ఎనిమిదీ పగిలాయి. నాన్న గరిటె పట్టుకుని, "నాకు తెలుసు గానీ..." అన్నాడు.

"తెలిసి ఎందుకు చెప్పలేదండీ?"

"నువ్వు అంత ఇష్టంగా పొడుస్తుంటే ఎలా చెప్పనూ?"

చట్టం చట్టమే. పగిలినవి చేసినవాళ్ళే తినాలి. చెల్లి తనవి రెండు ఇస్తానంది. పిన్ని పుచ్చుకోలేదు. ఆ పిండి ముక్కలూ పండు తొక్కలూ అన్నీ లోతు పళ్ళెంలో వేసుకుని, చెంచాతో చివరిదాకా తాగింది. తాగి, మూతి తుడుచుకుని, "రుచి బాగానే ఉంది, ఆకారమే తేడా" అంది. నేను నవ్వేశాను. ఆపుకుందామనుకున్నాను గానీ ఆగలేదు. నన్ను చూసి నాన్న నవ్వాడు, రెండేళ్ళ తర్వాత. అప్పుడే మొదటిసారి నేను ఆమెను పిలిచాను. "పిన్నీ, వచ్చే ఏడాది నీ కోటు బొత్తాంతో ఒత్తుకో" అన్నాను.

ఆ వారంలోనే ఆమె అద్దెగది ఖాళీ చేసి, ఒక ట్రంకు పెట్టె, ఒక కుర్చీ తెచ్చుకుంది. మరుసటి ఏడాది నుంచి ఆమె గుర్తు ఇత్తడి బొత్తాం అయింది. దాని మీద బస్సు చక్రం బొమ్మ ఉంటుంది, పిండి మీద చక్కగా పడేది. ప్రతి ఏడాదీ లేచి నిలబడి లెక్కపెట్టేది. ప్రతి ఏడాదీ ముప్ఫై మూడు ఉండేవి, ముప్ఫై రెండు అనేది. ఎక్కడో ఒక వరుస మీద ఒక ఉండ ఎక్కి కూర్చుని ఉండేది, ఆమె వేలు దాన్ని దాటిపోయేది. దాని గురించి మళ్ళీ ఎప్పుడూ ఎవరం మాట్లాడుకోలేదు.

ఆమె మారిపోయిందని అనుకోకండి. నా పదో తరగతి మార్కుల కాగితంలో కూడిక తప్పుందని బడికి వెళ్ళి, నాకు మూడు మార్కులు తగ్గించి వచ్చింది. చెల్లి సినిమాకు పోయి లైబ్రరీకి వెళ్ళానని చెబితే, లైబ్రరీ వైపు పోయే బస్సు ఆ రోజు ఏ టైముకు నడిచిందో చెప్పి పట్టుకుంది. నాకు పెళ్ళి సంబంధం కుదిరినప్పుడు ఆ అబ్బాయి ఎక్కే బస్సు ఏదో కనుక్కుని, నెలరోజులు అదే బస్సు తనిఖీ చేసింది. చివరికి వచ్చి, "ఒక్కరోజు కూడా టికెట్ లేకుండా ఎక్కలేదు. చేసుకో" అంది. ఆయన ఇప్పటికీ దాన్ని నాకు చెబుతుంటాడు, నన్ను చేసుకోవడానికి తను నెల రోజులు పరీక్ష రాశానని.

ఏళ్ళు గడిచాయి. నాకు పాప పుట్టింది. చెల్లి ఊరి అవతలి కొసన గది తీసుకుని ఉద్యోగంలో చేరింది. నాన్నకు చూపు బాగా తగ్గింది. ఊరందరికీ అద్దాలు అరగదీసిన మనిషికి ఏ అద్దాలూ పనిచేయకుండా పోయాయి. పిన్ని రిటైరయింది. వయసులు పెరిగాక మనిషికి ఎనిమిది తినలేక ఆరుకు తగ్గించుకున్నాం. అయినా పండ్లు వచ్చే కాలంలో ఒక ఆదివారం అందరం అక్కడికే చేరేవాళ్ళం.

పోయిన ఏడాది సంగతి ఇది. ఆ రోజు నేనూ చెల్లీ ఆలస్యంగా వచ్చాం. పాపకు జలుబు, చెల్లికి ఆఫీసు ఫోన్లు. గబగబా పిండి కలిపాం, గబగబా చుట్టాం. మా ఆయన తన గుర్తుగా పెన్ను మూత ఒత్తాడు. పాప బొటనవేలు ఒత్తింది. నేను నావి ఆరూ పూర్తిచేసి, చెల్లి తనవి ఆరూ పూర్తిచేసి, తన కొత్త మేనేజరు గురించి చెబుతుంటే నేను నవ్వుతూ వింటున్నాను. పిండి గిన్నె గీకేశాం. పండ్ల బుట్ట ఖాళీ అయింది.

పిన్ని లేచి నిలబడింది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పి, బల్ల పట్టుకుని లేస్తుంది. వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. ఆగింది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

"ఒకటి తక్కువుంది" అంది.

మా ఆయన వంగి చూశాడు. "ఆరుగురం, ఆరారుల ముప్ఫై ఆరు. సరిగ్గా ఉన్నాయి కదా అత్తయ్యగారూ."

"ఆరారుల ముప్ఫై ఆరే అల్లుడుగారూ, నాకూ వచ్చు ఎక్కం" అంది పిన్ని. అని నావైపు తిరిగింది, తర్వాత చెల్లివైపు. ఆమె గొంతులో కోపం లేదు, బస్సులో అడిగినట్టే అడిగింది. "మీ అమ్మది ఏది?"

నేను చెల్లివైపు చూశాను. చెల్లి నావైపు చూసింది. ఈ ఏడాది వంతు దానిదనుకున్నాను నేను, నాదనుకుంది అది. అసలు నిజం అది కూడా కాదు. మేమిద్దరం వంతు సంగతే తలుచుకోలేదు. ఇరవై నాలుగేళ్ళ కింద ఒక ఉండ కోసం ఒక మనిషిని ఇంట్లోంచి పంపేయడానికి సిద్ధపడ్డదాన్ని, ఆ ఉండను నేనే మర్చిపోయాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కన్నతల్లిని కన్నకూతుళ్ళు మర్చిపోతే, ఆమెను ఒక్కసారి కూడా చూడని మనిషి గుర్తుపెట్టుకుంది.

"పిండి అయిపోయింది పిన్నీ" అంది చెల్లి, ఏడుపు గొంతుతో.

"అయిపోతే?" అంది పిన్ని. పళ్ళెంలోంచి చక్రం గుర్తున్న తన ఉండ ఒకటి తీసుకుంది. రెండు అరచేతుల మధ్య మెల్లగా తిప్పి ఆ చక్రం చెరిగిపోయేలా చేసింది. పిండి అప్పటికే మెత్తబడింది, వేళ్ళకు అంటుకుంటోంది. "పాపా, నా కోటు జేబులో ఒక సంచి ఉంటుంది, తీసుకురా" అంది. రిటైరై మూడేళ్ళయినా ఆ నీలం కోటు తలుపు వెనక మేకుకే ఉంటుంది. పాప చిన్న గుడ్డసంచి తెచ్చింది. అందులో ఆమె ఉక్కు పంచ్, దాని పక్కనే అమ్మ ఇత్తడి టోపీ ఉన్నాయి. రెండూ తళతళలాడుతున్నాయి.

"ఇది చెంచాల సొరుగులో కదా ఉండేది?" అన్నాను.

"మీరిద్దరూ ఇల్లు మారిపోయాక సొరుగులో పడేస్తే పోతుందని తీసి దాచాను. ఏడాదికోసారి సొరుగులో పెట్టేదాన్ని, మీరు వెతుక్కుంటారని. ఈసారి కూడా పెడదామనుకున్నాను, మోకాలు నొప్పెట్టి మర్చిపోయాను" అంది. చెబుతూనే టోపీని వేలికి తొడుక్కోబోయి ఆగింది. దాన్ని నా చేతిలో పెట్టింది. "నువ్వు ఒత్తు. నేను ఒత్తకూడదు."

నేను ఒత్తాను. గుంటలు సరిగ్గా పడలేదు. పిన్ని ఆ ఉండను నా వరుస మీద ఎక్కించి కూర్చోబెట్టి, బల్ల పట్టుకుని మళ్ళీ లెక్కపెట్టింది. ఈసారి వేలు దాన్ని దాటిపోలేదు, దాని మీద కూడా ఆగింది. "ముప్ఫై ఆరు" అంది. "లెక్క సరిపోయింది." పాప మాత్రం ఊరుకోలేదు. "అమ్మమ్మకి అయిదే ఉన్నాయి" అని గోల పెట్టింది. "అమ్మమ్మకి అయిదు చాలు" అంది పిన్ని, గరిటె అందుకుంటూ.

ఆ పూట అక్కడే ఉండిపోయాం. మర్నాడు పొద్దున నేను టీ పెడుతుంటే నాన్న గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. మూతపెట్టిన గిన్నె ఎక్కడుంటుందో ఆయనకు కళ్ళతో పనిలేదు. మూత తీసి, ఉండ మీద వేలు పెట్టి తడిమి చూసుకున్నాడు. గుంటలు తగిలాయి కాబోలు, తలూపాడు. పిన్ని కిటికీ పక్కన కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. ఆయన తినేటప్పుడు ఆమె ఎప్పుడూ అటు చూడదు, ఏదో ఒక పని పెట్టుకుంటుంది. ఇరవై నాలుగేళ్ళుగా అంతేనట.

నాన్న ఆ ఉండను అలాగే తినేయలేదు. కత్తి అడిగి తీసుకుని, తడుముకుంటూ రెండుగా కోశాడు. ఒక ముక్క తన టీ సాసరులో పెట్టుకుని, రెండో ముక్క అరచేతిలో పెట్టుకుని కిటికీ వైపు చేయి చాపాడు.

"ఏమోయ్" అన్నాడు. "గుర్తు దానిదే గానీ, పిండి నీది."

పిన్ని బీన్స్ పక్కన పెట్టి లేచింది. ఆ ముక్కను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, అలవాటు కదా. తర్వాత మా నాన్న పక్కనే నిలబడి తింది.